రేచీకటి

పదిహేడో మలుపు నాది.
నాదంటే, నేను తిరిగేది కాదు,
నిలబడేది.
ఎడమ చేతికి ఎర్ర సముద్రం, కుడి చేతికి కాంక్రీటు గోడ,
గోడ మీద ఇనప వల, వల వెనక నేను,
చంకలో చుట్టిపెట్టిన పసుపు జెండా.

జిద్దాలో ఇదే ఒడ్డున, కాస్త అవతల,
బలీలా అమ్మే ముసలాయన ఉడికిన సెనగల మీద సిర్కా చల్లుతూ
"తొందరేంటి తల్లీ, సముద్రం ఎక్కడికీ పోదు" అంటాడు.
ఇక్కడ మాత్రం రాత్రయితే
మూడొందల కిలోమీటర్ల వేగాన్ని
సూదిలోకి దారంలా
గోడకీ గోడకీ మధ్య దూరుస్తారు.

దగ్గర్నుంచి చూస్తావు, అదృష్టవంతురాలివి అంటారు జనం.
చూసేది ఏముంది?
ముందు గోడ వణుకుతుంది. తర్వాత పళ్లు.
తర్వాత గాలొచ్చి నా నారింజ రంగు అంగీని లాగి వదుల్తుంది.
అప్పటికే కారు లేదు.
కాలిన రబ్బరు వాసన,
దాని అడుగున ఎక్కడో కొంచెం ఉప్పు.

గుడ్డి మలుపు ఇది.
వచ్చేవాడికి అవతల ఏముందో తెలీదు.
నాకు తెలుసు.
నాకిచ్చే డబ్బు దానికే.

అమ్మ ఈ పనే చేసింది, డబ్బు లేకుండా, పదకొండేళ్లు.

నాన్నకి రేచీకటి.
మగ్రిబ్ అజాన్ వినపడితే ఆయన లోకం సగం మూతపడేది.
లైసెన్సు ఆయనది, స్టీరింగు ఆయనది.
ఆ రోజుల్లో చట్టానికి కావలసింది మగవాడి చేతులు,
కళ్లెవరివని ఎవరూ అడగలేదు.
పాత కాప్రిస్‌లో, ముందు సీట్లో, అమ్మ
ముసుగు రవ్వంత పైకెత్తి
"ఎడమకి. ఇంకా. చాలు.
ఎదర లారీ.
ఒంటె కాదులే, గోనెసంచి.
నిదానం, అబూ రువైదా, నిదానం."
(రువైదా నేనే. తమ్ముడు పుట్టినా
ఆయన పిలుపు మార్చుకోలేదు.)
తాయెఫ్ నుంచి ఘాటు దిగుతుంటే
నాన్న కాలు బ్రేకు మీద, అమ్మ కాలు ఉత్త నేల మీద,
రెండూ ఒక్కసారే నొక్కేవి.
వెనక సీట్లో మేమిద్దరం, మా మధ్య దానిమ్మపళ్ల బుట్ట,
ప్రతి మలుపుకీ అటోసారి ఇటోసారి
మా ఒళ్లోకి దొర్లుతూ.

ఇవాళ ముప్పై ఒకటో చుట్టులో
ఒక నీలం కారు గోడని రాసుకుంది.
చిన్న చప్పుడే, గ్లాసు కింద పెట్టినంత.
చక్రం ఊడి, తీరిగ్గా,
రోడ్డు మధ్యకొచ్చి పడుకుంది.
నేను ఆలోచించలేదు, జెండా లేచింది.
నా నోట్లోంచి మాటొచ్చింది,
ఆ మోతలో నాకే వినపడలేదు గానీ పెదాలకి తెలిసింది:
నిదానం, అబూ రువైదా.

వచ్చిన మొదటివాడు నమ్మాడు.
రెండోవాడు నమ్మాడు.
ముఖం లేని హెల్మెట్లు ఒక్కొక్కటీ
ఒక పసుపు గుడ్డముక్కని నమ్మి
తల వంచుకుని పోయాయి.
నీలం కారతను గోడ ఎక్కి కూర్చుని
చేతి తొడుగులు విప్పి
తన వేళ్లని లెక్కపెట్టుకున్నాడు.

ఎవరు గెలిచారో నేను చూళ్లేదు.
బాణాసంచా మా వెనక పేలింది.
మేం రబ్బరు ముక్కలు ఊడుస్తున్నాం.

రెండింటికి గేటు దగ్గర అమ్మ కారు.
అరవై మూడో ఏట లైసెన్సు తెచ్చుకుంది,
పరీక్ష పెట్టిన పిల్ల "ఇదివరకు నడిపారా?" అంటే
"నోటితో" అందిట.
నేను వెనక ఎక్కాను. ముందు నాన్న.
ఒడ్డు రోడ్డు మీద ముప్పై దాటదు అమ్మ,
వెనక కుర్రాళ్లు హారన్లు కొడుతున్నారు,
ఎడమ సిగ్నలు దీపం ఆర్పడం మర్చిపోయింది,
అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.
"ఎదర ఏముంది, ఫౌజియా?" అన్నాడు నాన్న.
ఆమె పలకలేదు. చూస్తోంది.
నేనూ నాలుక కరుచుకుని కూర్చున్నాను.

మలుపొచ్చింది.
చీకట్లో నాన్న కాలు
ఉత్త నేలని నొక్కింది,
ఒక్క క్షణం ఆలస్యంగా.