ఆలస్యంగా వచ్చే చప్పుడు

కూహ్మో గ్రంథాలయంలో, కిటికీ పక్క కంప్యూటర్ ముందు
ఒర్వొక్కి మూడోరోజు కూర్చుంది.
మొదటిరోజు ఫైలు తెరుచుకోలేదు.
పేరు చివరి మూడక్షరాలు మార్చి చూసింది.
సీసా మీద చీటీ మారిస్తే
చింతపులుసు తేనె అవుతుందా?

నిన్న కోడెక్ దొరికింది. బొమ్మంతా ఆకుపచ్చగా,
పాచి పట్టిన గాజులోంచి చూసినట్టు.
"అసలు ఫైలు జోలికి పోకు,
నకలు తీసి, ముందు పది సెకన్లే మార్చి చూడు" అన్నాను.

ఇవాళ రంగులొచ్చాయి. సరస్సు. అవతలి గట్టున
తమ్ముడు తౌనో కట్టెలు కొడుతున్నాడు.
గొడ్డలి దిగిన సెకనుకి గానీ చప్పుడు లేదు.
"ఇదిగో, మళ్ళీ తప్పు" అంటూ
శబ్దాన్ని పట్టి ముందుకు లాగింది.
గొడ్డలీ చప్పుడూ అతుక్కున్నాయి.

కానీ ఈ గట్టున, కెమెరా పక్కనే నిలబడ్డ
ఐలి అత్త పెదాలు కదలకముందే
మాట వచ్చేసింది.

సరస్సు వెడల్పెంత, అడిగాను.
"మూడువందల యాభై మీటర్లుంటుందేమో.
చలికాలం నడిచే దాటేవాళ్ళం..."

అని ఆగిపోయింది.
చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసేసింది.

గొడ్డలి దిగింది.
మేం ఆగాం,
తౌనో దగ్గర్నుంచి నీళ్ళ మీదుగా
అది నడిచి వచ్చేదాకా.