ఒక మాత్ర తక్కువ

ఏలీయా మాస్టారి బ్యాండుకి రాతపని నాది.
సైకిలు పుల్లలు ఐదు కలిపి కట్టి
ఆయనే చేసిచ్చిన కలంతో
ఒక్క లాగుడుకి ఐదు గీతలు.
నర్సాపురం రేవులో పంటు కూత పెడితే
చెయ్యి తుళ్ళి మూడోది వంకరపోయేది.

మొదటి రోజే అడిగాను:
నడిమి గీత మీద కూర్చున్న స్వరానికి
తోక పైకా, కిందికా?
"కిందికేనమ్మాయ్.
పక్కవాళ్ళంతా పైకెత్తితే అదీ ఎత్తొచ్చు.
ఊళ్ళో ఉండాలి కదా."

గీత కింద వేలాడితే నిండు మౌనం, గబ్బిలం.
గీత మీద కూర్చుంటే సగం మౌనం, గట్టు మీది కప్ప.
గబ్బిలానిది మరీ విడ్డూరం.
గదిలో నాలుగు మాత్రలున్నా మూడే ఉన్నా
ఒక్కటే వేలాడి
గదంతా నాదే అంటుంది.

క్లారినెట్ సామ్యేలుకి సి అని రాస్తే
బి ఫ్లాట్ మోగుతుంది.
అందుకని అతని కాయితం మీద
పాటనంతా ఒక మెట్టు ఎత్తి రాయాలి.
మోగేదే రాస్తే పోదా అన్నాను.
"చిన్న క్లారినెట్ పట్టినా పెద్దది పట్టినా
వేళ్ళు అవే నడవాలంటే
కాయితమే అబద్ధమాడాలి."

ఈ షార్ప్ దగ్గర మాత్రం దెబ్బలాడాను.
ఎఫ్ అంటే తీరిపోయేదానికి
ఇంత డొంకతిరుగుడేంటండీ?
మాస్టారు బాకా మూతి తుడుచుకుంటూ
"నువ్వు ఋణం అని రాసి రుణం అనట్లా?
గడపకొక అక్షరం.
ఎఫ్ గడపలో ఎఫ్ షార్ప్ ముందే కాపరం పెట్టేసింది.
దీన్ని ఎక్కడ దింపుతావ్?"

ఆయన పోయిన శ్రావణంలో
ట్రంకు పెట్టి అడుగున
పేరు పెట్టని మార్చ్ ఒకటి దొరికింది.
అంతవరకూ కంటితో చూసి ఎక్కించడమే,
లెక్కకట్టి రాసింది లేదు.
ఆయన లేరు కాబట్టి లెక్కపెట్టాను.
అన్ని గదుల్లోనూ నాలుగు.
చివరి గదిలో మూడే.
ఆ తర్వాత సన్న గీత, లావు గీత, తిరిగి మొదటికి వెళ్ళమనే రెండు చుక్కలు.

జ్వరంలో మర్చిపోయుంటారు పాపం.
నా సొంత సిరాతో ఒక మాత్ర కలిపాను.
పదకొండు కాపీలు తీశాను.

ఎనిమిదేళ్ళు ఆడింది బ్యాండు,
పాలకొల్లు పెళ్ళిళ్ళలో,
మొగల్తూరు సమాధుల తోట దాకా,
లాకుల దగ్గర ఇరుకు వంతెన మీద కూడా.
పాట మొదటికి తిరిగే చోట
ప్రతిసారీ అడుగు తడబడేది.
ఎడమకాలు పడాల్సిన చోట కుడికాలు పడేది.
చెప్పుల్ని తిట్టారు, గోతుల్ని తిట్టారు,
కొత్తగా చేరిన ట్రంపెట్ కుర్రాణ్ణి మరీ తిట్టారు.

ఓ మధ్యాహ్నం మా అమ్మ
గుండ్రటి లేసు బల్లగుడ్డ అల్లుతూ
పక్కింటి కెజియాకి పని నేర్పుతోంది.
"మొదట వేసిన మూడు గొలుసులూ ఒక నిలువు కింద లెక్క.
అందుకని వరస చివర ఒకటి తక్కువ అల్లాలే.
తక్కువైందని ఇంకోటి కలిపావంటే
గుడ్డ పరుచుకోదు, లేచి నిలబడుద్ది.
ఆఖరుది వెళ్ళి మొదటిదాన్లోనే ముడిపడాల."

అమ్మకి గీతలు రావు. లేసు ఏజెంటు పద్దు కూడా
నేనే చదివిపెట్టాలి.

లేచి మాస్టారి కాయితం తీశాను.
మొదటి అడ్డగీతకి ఇవతల
గది బయటే నిలబడి ఉంది
ఒక్క స్వరం,
చెప్పులు విడుస్తున్న చుట్టంలాగ.
ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది.
పదకొండుసార్లు నా చేత్తోనే ఎక్కించాను దాన్ని.

బ్లేడుతో గోకాను, ఒక్కో కాపీలోనూ.
రెండిట్లో చిల్లు పడింది.
సామ్యేలు చిల్లులోంచి నన్ను చూసి
ఏమీ అనలేదు.

ఇప్పుడు అడుగులు సరిగ్గా పడుతున్నాయి.
డ్రమ్ము నోవహు బాబాయికి మాత్రం
కాయితంతో పని లేదు.
పాట తిరిగే చోట
ఇప్పటికీ ఒక దెబ్బ ఎక్కువే వేస్తాడు.
జనం ఎవరూ వెనక్కి చూడరు.
ఆ దెబ్బ నాది.