కుడి కన్ను నీలం

పట్టీ విప్పిన రోజు
ముందుగా కనబడింది డాక్టరమ్మ మొహం కాదు,
కిటికీ బయట ఎవరో బోర్లించిన ప్లాస్టిక్ బిందె.
అంత నీలం లోకంలో ఉందన్న సంగతి
ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలీదు.

"పొర ముదిరితే అంతే తాతా,
పసుపు అద్దంలోంచి చూసినట్టుంటుంది.
మెల్లగా వస్తుంది, వస్తున్నట్టు తెలియనివ్వదు."
ఒక్క పొరేనా తల్లీ, అందామనుకుని
చుక్కల మందు జేబులో వేసుకున్నాను.

నలభై ఆరేళ్లు బెజవాడ గోడల మీద రాశాను.
వన్‌టౌన్‌లో ఇత్తడి కొట్లు, గవర్నర్‌పేటలో కళ్లజోళ్లు,
రైలు గేటు పక్కన
"ఇచ్చట మూత్రము పోయరాదు".
అది కూడా షేడు కొట్టి, అంచు దిద్ది రాశాను.
అక్షరానికేం అవమానం?
కింద మూలన చిన్నగా: ఏసోబు ఆర్ట్స్.

ఇప్పుడు ఒక కన్ను మూస్తే ఒక ఊరు,
రెండోది మూస్తే ఇంకో ఊరు.
ఎడమ కంటికి రైవస్ కాలువ పసుపు కలిపిన నీళ్లు,
పొద్దున తొమ్మిదింటికే సాయంత్రపు ఎండ.
కుడి కంటికి, అబ్బ,
మురికి కాలువ మురికి కాలువే.
గుర్రపుడెక్క పువ్వు మాత్రం
నేనెన్నడూ కలపలేకపోయిన ఊదా.

ఇంటికొచ్చి కుడి కంటితో సువార్తమ్మను చూశాను.
జుట్టంతా సున్నం తెలుపు.
గంధం రంగులో ఉందనుకుంటున్నానే ఇన్నాళ్లూ!
"ఎప్పుడు నెరిసిందే ఇంత?"
"నువ్వు గోడలు చూసుకునేటప్పుడు."
చింతపండు పిసకడం ఆపలేదు.

మర్నాడు ఎండ ముదరకముందే బయల్దేరాను,
నా బోర్డులు చూసుకోడానికి.
ఇంత దూరం ఎప్పుడూ లేదు ఈ ఊళ్లో
ఒక సెంటరుకీ ఇంకో సెంటరుకీ.
రెండు చోట్ల కూర్చున్నాను, ఒకచోట గోడే లేదు,
ఇంకోచోట ఫ్లెక్సీ అంచు కింద
నా "స్వీట్స్"లో వత్తు ఒక్కటే మిగిలి ఉంది.

కడపటి ఆరేళ్లవి దూరం నుంచే పోల్చుకున్నాను, సిగ్గుతో.
లేత ఆకాశం అనుకుని కలిపిన చోటల్లా
నీలిమందు సీసా ఒలికినట్టుంది.
ఐసు బండి మీద ఎలుగుబంటి నీలం.
పురుళ్ల ఆసుపత్రి బిడ్డ పెదాలు నీలం.
(ఆ గోడ ముందు నిలబడలేకపోయాను.)
పంజా సెంటర్‌లో లతీఫ్ టైలరు కొట్టు నెత్తిన
కోటు తొడుక్కున్న దొర
బొత్తాల దగ్గర్నుంచి బుగ్గల దాకా నీలం.

ఇంత తప్పు ఊరి నెత్తిన పెడితే
ఒక్కడూ అడగలేదే!
పోన్లే, ముసలాడు, అనుకున్నారా?

"మార్చేస్తా లతీఫూ, డబ్బులొద్దు, డబ్బా తెచ్చుకున్నా."
అతను పైకి చూడకుండా సూదీ దారం నా చేతికిచ్చాడు.
"కొత్త కన్నుగా, ఎక్కించు చూద్దాం."
బెజ్జం కంటికి కనబడింది,
చేతికి అందలేదు.
ఇద్దరం కాసేపు నవ్వాం.
"దాని జోలికి పోకు భాయ్.
ఆటోవాళ్లకి అదే అడ్రసు, నీలం దొర సందు.
పార్సిలు తెచ్చే కుర్రాడికి నా పేరు తెలీదు,
నీ నీలం తెలుసు."

సరే, సంతకమైనా దిద్దుకుంటానన్నాను.
వానలకి అది ఎప్పుడో కొట్టుకుపోయింది.
నిచ్చెన ఎక్కనివ్వలేదు నన్ను.
లతీఫ్ మనవరాలు సమీనా ఎక్కింది,
నాలుక బయటపెట్టి, కుంచె పిడికిట్లో పట్టుకుని.
కింద నుంచి నేను చెబుతూనే ఉన్నాను:
మెల్లగా, కుంచె ఎత్తకు, ఊపిరి బిగపట్టు.

రాసింది: ఎసోబు.

కుడి కంటికి తప్పు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.
కుడి కన్ను మూశాను.
"బాగుంది, ఇక దిగమ్మా" అన్నాను.