లాభం, రెండు, మూడు

నారాయణపేట యార్డుల పొద్దుగాల్నే
కందుల కుప్పలకు ఇంక ధర పడకముందే
గుమాస్త విరూపాక్షి ఫోన్ల కెనడ సూస్తడు.
మా వార్డు మెంబరు ఎవడంటే నెత్తి గోక్కుంటడు గని
వాళ్ళ ఆర్థికమంత్రి గొంతు కళ్ళు మూసుకొని గుర్తువడ్తడు.
"ఆడ వాన తక్కువైతే ఈడ నూరు లేస్తది,
రైలోళ్ళు సమ్మె జేస్తే రెండు నూర్లు" అంటడు.
సస్కచెవాన్ అని నోరార పలుకుతడు
మన దామరగిద్ద అవతలనే ఉన్నట్టు.

నేను దడువాయిని.
ఇరువై రెండేండ్లాయె కాంటా పక్కన నిలవడి.
ముక్కులకు దుమ్ము, చెవులకు అంకెలు.

ఇయ్యాల ఆడ బడ్జెట్టట. పట్టుకొచ్చి సూపిచ్చిండు.
పొడుగు మందిరం, పచ్చ తివాసి,
అటొక వరస, ఇటొక వరస, ఎదురెదురుగ.
నడుమ కుర్చీల ఒక పెద్దమనిషి.
నాకైతే మా తాత కాలం తక్కెడ లెక్క కొట్టింది.
ఇటు పల్లెంలోల్లు అంటున్నరు:
అప్పు తెచ్చయినా కడుదాం, రేవులు, పట్టాలు, ఇండ్లు,
ఒక వాకిలి మూసుకపోతే ఇంకో వాకిలి ఉండాలె గద.
అటు పల్లెంలోల్లు:
ఎవని సంచిలకెల్లి? మనుమల సంచిలకెల్లేనా?
విరూపాక్షి ఒక్కొక్క ముచ్చట ఇడమరిచి జెప్తుండు.
లోటు కాడికొచ్చేసరికి
నేనే చెయ్యెత్తి ఆపిన. అది ఎరుకే.

ఊట్కూరు దిక్కుకెల్లి జములమ్మ నాలుగు సంచులు తెచ్చింది.
ఫోను దిక్కు ఓ సూపు సూసి
"వాళ్ళు ఆ బఠాణీలు తింటరా?" అనడిగింది.
"తినరు. మనకే అమ్ముతరు."
"మంచిదే. నేను కందులమ్మి
పోయేటప్పుడు బఠాణీ పప్పే కొంట, అగ్గువని."
నవ్విందో ఏడ్సిందో, కొంగు నోటికడ్డం.

ఆ రేవు పెద్దగైతే ఓడ తొందరగ నిండుతది.
ఓడ తొందరగ నిండితే మా ధర తొందరగ పడ్తది.
వాళ్ళ పట్టాల కింద పోసే కంకరల
ఒక్క రాయన్న వచ్చి ఈమె చేన్ల పడ్తది.
ఎవ్వరు ఇసరలేదు. అయినా పడ్తది.

తాయప్ప తొలి సంచి లేపిండు.
మా దిక్కు ఒకటి అనం.
లాభం అంటం.
మా నాయిన నేర్పిండు, ఆయనకు వాళ్ళ నాయిన.
లాభం, రెండు, మూడు...
లాభంతోని మొదలువెట్టినోళ్ళు
బాకీతోని గేటు దాటుడు నేను శానమందిని సూసిన.
అక్కడ ఆ మంత్రి లోటుతోనే మొదలువెట్టిండు,
సగం సభ లేసి చప్పట్లు కొట్టింది!
అప్పు జేసే ధైర్యం ఒకల కాడ దేశం కట్టుడైతది,
ఒకల కాడ బ్యాంకు జీపు వాకిట్ల ఆగుడైతది.

తిట్టబుద్ధి గాలే. ఎవర్ని తిట్టాలె?
ఆడ గూడ ఉండే ఉంటడు ఒగడు,
గోదాము ముంగట, మంచుల, చేతులు రుద్దుకుంట
కాంటా సూసేటోడు.
వాని మీద గూడ తరుగు మాట వడ్తదో ఏమో,
తొలి బండిని వాడు ఏమని లెక్కవెడ్తడో.

నాలుగో సంచి ఎక్కింది.
ఎర్ర అంకెలు ఊగి ఊగి
నలభై తొమ్మిదీ అరవై కాడ నిలిసినయి.
"యాభై" అన్న.
తాయప్ప నా మొకం దిక్కు సూసి, సంచి దించిండు.
విరూపాక్షి తలెత్తలే, ఆడ ఎవరో అరుస్తున్నరు.
యాభై అనే రాసిండు.

నాలుగు నూర్ల గ్రాములు.
తక్‌పట్టి మీద వేలెట్టుకొని కొంచెంసేపు నిలవడ్డ.
ఈ ఖర్చు ఏ పద్దుల రాస్తరు?
ఖరీదుదారు బొర్ర నిండితే తెలుస్తదా?
జములమ్మ కాయితం మడిచి రొండిన చెక్కుకొని
పైసల కిటికీ కాడ లైన్ల నిలవడ్డది.
"ఓటింగు ఇయ్యాల గాదట" అన్నడు విరూపాక్షి,
చార్జింగు పెట్టనీకి లేసుకుంట.

పక్క కుప్పకు తాయప్ప వంగిండు.