సగటు వాన

ఏడు కొండలు నా మోడల్లో లేవు.
ఒకటే మెట్ట ఉంది, నున్నగా,
బోర్లించిన చాటలా.
గడి పెద్దదైతే కొండ కరిగిపోతుంది,
లోయలు పూడిపోతాయి,
తలకోన నుంచి కార్వేటినగరం దాకా
ఒకే సగటు వాన కురుస్తుంది.
ఆ వానలో ఇంతవరకూ
ఏ ఒక్కరూ తడవలేదు.

తిరుపతిలో, రాత్రి రెండింటికి,
ఏసీ హోరులో కూర్చుని
రెండు వేల డెబ్భైలో పట్టబోయే కార్తీకపు ముసురును
చిన్న చిన్న గడులుగా కోస్తుంటాను.
ఇరవై రెండు మోడళ్లు.
పదమూడు పెరుగుతుందంటాయి,
ఆరు తగ్గుతుందంటాయి,
మూడు నోరు విప్పవు.
పంచాయతీలో పెద్దమనుషుల్లా
ఎవరి తలపాగా వాళ్లది.

నేల మీద వాన ఎలా పడేదో వాటికి నేర్పాలి గనక
పాత రిజిస్టర్లు తెప్పించాను.
పుత్తూరు అవతల ఒక మండలాఫీసు,
నలభై ఒక్క ఏళ్ల వాన,
అటెండరు గుణశేఖరం చేతిరాతలో.
ప్రతి ఉదయం ఎనిమిదిన్నర. నీలి సిరా. మిల్లీమీటర్లు.
ఒకచోట అంకె లేదు,
"ఈ దినము మా పాపకు జ్వరము" అని ఉంది.
కంప్యూటరుకు దాన్నెలా చెప్పాలో తెలీక
మైనస్ తొంభై తొమ్మిది అని కొట్టాను.

రెండు వేల సంవత్సరం నుంచి అక్కడ వాన తగ్గుతూ వచ్చింది.
ఏడాదికేడాది, కొంచెం కొంచెం, తప్పకుండా.
గీత ఎంత చక్కగా దిగిందో!
సంతోషించాను కూడా.
చెప్పుకోడానికి సిగ్గే,
ఒక ఊరు ఎండుతుంటే గీత తిన్నగా వచ్చిందని.

ఆ చక్కదనమే అనుమానమై
శనివారం బస్సెక్కి వెళ్లాను.
గుణశేఖరం రిటైరై మూడేళ్లు,
అయినా తాళంచెవి ఆయన దగ్గరే.
ఆఫీసు వెనక, ముళ్లకంచెలో, వానమాపకం.
దాని మీదికి వంగి ఒక కానుగ చెట్టు.
"నేనే పెట్టినా మేడమ్, తొంభై మూడులో.
నీడుంటాదని."

నిలబడిపోయాను.
పాతికేళ్లుగా తగ్గింది వాన కాదు,
పెరిగింది కొమ్మ.
ఒక్కో ఆకు ఒక్కో చుక్కను పట్టుకుని
పక్కకు జార్చింది.
నా రెండు వేల డెబ్భై
ఈ చెట్టు నీడలో ఎండుతోంది.

ఆయనకు చెప్పాలా?
టీ తెప్పించాడు.
చెప్పలేదు.

గేటు దగ్గర రెడ్డెమ్మ, పాసుబుక్కు పనికి వచ్చిందట:
"వానల గురించి చదివినావంట గదమ్మా.
రెండు బోర్లు ఎండిపోయినాయి.
మూడోది ఏయించేదా,
చెనక్కాయ మానేసి మామిడి పెట్టేదా?
మా నాయనైతే ఒకటే మాట చెప్తా ఉండె,
ఉత్తర చూసి ఎత్తర గంప."

ఆ మాటకు అటూ ఇటూ లేదు.
కార్తె ఎండిందా, గంపెత్తు, ఊరు దాటు.
నా దగ్గరున్నది వేరే.
వాన పెరగొచ్చు. పెరిగినా
నెల వానంతా రెండు పూటల్లో కుమ్మరించిపోవచ్చు,
స్వర్ణముఖి వీధుల్లోకి రావొచ్చు,
ఆపైన నలభై రోజులు ఆకాశం మాట్లాడకపోవచ్చు.
ఇన్ని వచ్చుల మధ్య
ఆమె బోరు ఎక్కడ వేయాలి?

"ముందు పడిన నీళ్లాగే గుంట తవ్వించమ్మా,
బోరు తర్వాత" అన్నాను.
"అది నాకూ తెలుసులే" అంది రెడ్డెమ్మ.
నవ్వలేదు. కోప్పడనూ లేదు.

వడమాలపేట దాటాక చినుకులు.
రోడ్డుకు ఎడమ పక్క తడి, కుడి పక్క దుమ్ము.
ఎద్దుకు ఒక కొమ్ము తడిసి
ఒక కొమ్ము ఎండిన వాన.
బస్సు కిటికీలోంచి చెయ్యి చాపాను,
నా సీటు కుడి పక్కన.

రాత్రి మళ్లీ కూర్చున్నాను.
గుణశేఖరం పాతికేళ్లను కొట్టేయలేదు.
పక్క మండలాల వానతో సరిచూసి
ఆకులు తాగిన నీళ్లెన్నో లెక్క కట్టి
తిరిగి పోశాను.
గీత కాస్త లేచింది,
ముసలాయన మోకాళ్లు పట్టుకుని లేచినట్టు.

పాపకు జ్వరమొచ్చిన రోజును మాత్రం
ఖాళీగానే వదిలాను.
ఆ రోజు అక్కడ
వాన పడిందో లేదో
ఇక ఎవరికీ తెలియదు.