చెప్పు బరువు

రేవు దాటేసరికి చీర అంచు తడిసింది.
లంకలో అంగన్‌వాడీకి నేనే కొత్త టీచర్ని,
బీయే చదివి, కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో
మూడేళ్లు లెక్కలు రాసి వచ్చినదాన్ని.

తాళం తీసింది ఆయా పల్లాలమ్మ.
"ముందు గుడ్లు లెక్కెట్టుకోండమ్మా,
ఏడుపులు తర్వాత లెక్కెడదాం" అంది.

శిక్షణలో రంగుల చక్రం నేర్పారు,
పాటకి చేతులెలా తిప్పాలో నేర్పారు.
అమ్మ రొయ్యల చెరువు పనికి పడవెక్కాక
గుమ్మం పట్టుకుని వదలని మోషేగాణ్ణి
ఏ వేలితో మొదలెట్టి విడిపించాలో
చెప్పలేదు.

నేను విడిపించలేదు. పక్కనే కూలబడ్డాను.
వాడు ఏడ్చాడు, నేను గోదారి వైపు చూశాను.
ఎంతసేపటికో నా కొంగుతో ముక్కు తుడుచుకుని
లోపలికొచ్చాడు,
అమ్మ చెప్పొకటి చంకన పెట్టుకుని.

కాటా ఉయ్యాల్లో కూచోబెట్టినా
చెప్పు వదలడు.
పదకొండు కిలోల మూడొందలు.
పెన్ను పట్టుకుని ఆలోచిస్తున్నాను,
అందులోంచి ఎంత తియ్యాలా అని.

"చెప్పుతోనే రాసెయ్యండి" అంది పల్లాలమ్మ
పప్పులో నీళ్లు పోస్తూ,
"వచ్చే నెల దాన్ని ఇంటికాడ వదిలేసొచ్చినా
వాడు అంతే తూగాలండి."