పదును

అతిథి ఎవరో ఆఫీసులో వదిలిపోయిన చుట్ట అది.
చుట్ట అనకూడదట, సిగార్ అనాలట.
జానెడు పొడవు, బొటనవేలంత లావు,
నడుముకి బంగారు కాగితం వడ్డాణం.
దానికో ఫారం: రంగు, బిగువు, మంట, బూడిద, రుచి,
ఒక్కోదానికి పదేసి మార్కులు.
నా ముక్కా,
ఇరవై రెండేళ్ళ కిందటే
గ్రేడింగ్ షెడ్డు దుమ్ముకి అమ్ముడుపోయింది.
అందుకే మిట్టమధ్యాహ్నం సంగడిగుంట వెళ్ళాను,
సైదాబీ దగ్గరికి.

గుమ్మంలో కూచుని ఎండుమిరపకాయలకి
తొడిమలు తీస్తోంది, కిలోకి ఇంతని.
"చుట్టలెవడు కాలుస్తున్నాడయ్యా ఇప్పుడు,
వేళ్ళు ఊరుకోవుగా మరి."
సబ్బుతో ఒకసారి కడిగింది, బూడిదతో ఒకసారి,
కొబ్బరినూనె రాసి తుడుచుకుని
అప్పుడు చెయ్యి చాపింది.

ముందు చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కింది.
"చప్పుడు లేదు. పదును మీదుంది."
వడ్డాణం ఊడదీసి మనవరాలి వేలికి తొడిగింది.
వెలుతురుకి తిప్పి చూసింది.
"నలుపంటావా? కాదు.
బెల్లం పాకం మాడబోయే ముందు
పొయ్యి మీంచి దింపేస్తామే,
దింపడం ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే, ఆ రంగు."
నేను రాసుకున్నాను: ముదురు గోధుమ. తొమ్మిది.

కత్తెర తెచ్చానన్నా వినలేదు, పంటితో కొరికి ఊసింది.
అగ్గిపుల్లా వద్దంది, గంధకం అంటుతుందట.
కుంపట్లోంచి బొగ్గు ఒకటి పట్టకారుతో తీసి
తొందరేమీ లేకుండా ముట్టించింది.

మొదటి దమ్ము మింగలేదు.
బుగ్గల్లో తిప్పి, ముక్కులోంచి వదిలి
ఊరుకుంది.
వీధిలో ఉప్పు బండివాడు రెండుసార్లు అరిచి వెళ్ళిపోయాడు.
"మిరియం," అంది.
"ఆ వెనకాల తడిసిన రేగడి.
తొలకరిది కాదు, రెండో వానది."

సగానికి వచ్చాక:
"వేయించిన చింతగింజ.
నువ్వు కాఫీ అని రాస్తావేమో, నేను కాఫీ ఎరగను."
బూడిద అంగుళంన్నర నిలిచింది, రాలకుండా.
"తెల్లగుంది చూడు. ఆ నేలలో ఉప్పు లేదు.
పెట్టి పుట్టిన ఆకు."

బలం ఎంతన్నాను.
వెంటనే చెప్పలేదు.
"మా ఆయన గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు.
మధ్యాహ్నం బువ్వ బదులు చుట్ట.
ఆయన కోసం నేను చుట్టే కారపాకుకి
గోడ మీది బల్లి కింద పడేది.
అది ఖాళీ కడుపు కోసం చేసిన ఘాటు.
ఇదీ బలమైందే, కాదనను.
కానీ అన్నం తిన్నాక కాల్చేవాడి కోసం చేశారు."

ఏ గడిలో రాయను దాన్ని?
పెన్ను మూత నోట్లో పెట్టుకుని కూచున్నాను.

అప్పుడామె పొగ మానేసి
పైఆకు అంచు వెంట గోరు నడిపింది,
తెలిసినవాళ్ళ జాకెట్టు కుట్టు చూసినట్టు.
"చుట్టింది ఎడంచేతి మనిషి.
ఇదుగో ఇక్కడ, మడత మీద మడత పడింది.
ఎవరో పిలిచుంటారు.
లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూచుని
పట్టు దొరక్క రెండోసారి తిప్పింది."
"ఆడమనిషని ఎట్లా తెలుసు?"
"మధ్యలో పిలిచేది ఎవరినయ్యా?"

బూడిద అప్పుడు రాలింది, ఆమె చీర మీద.
దులుపుకోలేదు.

మొత్తం నలభై మూడు వేశాను.
అడుగున ఖాళీలో, ఎవరూ అడగనిదే,
ఎడమ చెయ్యి, మధ్యలో పిలుపు, అని రాశాను.
మేనేజరు ఎర్రసిరాతో కొట్టేశాడు.

ఆ రోజు నేను లేవబోతుంటే సైదాబీ
మిగిలిన ముక్క ఆర్పి కాగితంలో చుట్టి
గూట్లో పెట్టుకుంది.
మళ్ళీ చాట ముందుకు లాక్కుంటూ,
"పూట పోయింది. రెండు కిలోల తొడిమల డబ్బులు
ఇచ్చి పో," అంది.